తిరుపతిలో ఉండి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోసం ఆగాలా? నా అనుభవం నుంచి ఒక జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, పార్కింగ్ సెల్లార్‌లో. రోజూ శ్రీకాళహస్తి దగ్గర కాలేజీకి వెళ్లి రావడానికి 76 కిలోమీటర్లు. నెలకోసారి బెంగళూరులో అమ్మాయి దగ్గరికి ప్రయాణం, అమ్మానాన్నలతో అప్పుడప్పుడూ తిరుమల. బడ్జెట్ 30 లక్షల లోపు. అమెరికాలో టొయోటా రావ్4 ప్రైమ్ (గోడ ప్లగ్‌తో చార్జ్ చేసుకుని కరెంటు మీద, అది అయిపోతే పెట్రోల్ మీద నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్) నడుపుతున్న మీ బావగారు "ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను మించింది లేదు, ఇండియాకు చవకగా వచ్చేదాకా ఆగు" అంటున్నారు. ఆగాలా వద్దా?

ఆగొద్దు. సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర సొంత ప్లగ్ పాయింట్ పెట్టించుకోగలిగితే పూర్తి ఎలక్ట్రిక్ కారు కొనండి. అది కుదరకపోతే ప్లగ్ అక్కర్లేని మామూలు స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోండి. మీ బావగారు చెప్పింది ఆయన ఇంటి విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. ఆయనకు సొంత గ్యారేజీ, గోడకు చార్జర్ ఉండి ఉంటాయి. మీకు సెల్లార్‌లో ఒక పార్కింగ్ గీత, పక్కన స్తంభం ఉన్నాయి. తేడా అంతా అక్కడే.

నా సంగతి రెండు ముక్కల్లో. 2012 నుంచి 2021 మొదటి దాకా దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో హైబ్రిడ్ కార్ల సెక్షన్‌లో చేశాను. పోర్షే కేయెన్‌లు, బీఎండబ్ల్యూ ఎక్స్5లు, వోల్వో ఎక్స్‌సీ90లు, పెట్రోలూ కరెంటూ రెండూ తాగేవన్నీ చేతుల మీదుగా వెళ్లాయి. తర్వాత ఊరికి వచ్చేసి రేణిగుంట రోడ్డులో సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఇక్కడ నా దగ్గరికి వచ్చే ప్లగ్-ఇన్‌లు ఎక్కువగా చెన్నై, బెంగళూరు నంబర్లవే, దర్శనానికి వచ్చి ఇబ్బంది పడ్డవి.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను, ఎందుకంటే షోరూముల్లో అన్నిటినీ "హైబ్రిడ్" అనే అమ్ముతున్నారు. మైల్డ్ హైబ్రిడ్ అంటే పేరుకే హైబ్రిడ్. చిన్న మోటారు ఇంజిన్‌కు చేయి సాయం చేస్తుంది, సొంతంగా కారును లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ లాంటివి. వీటిలో బ్యాటరీ చాలా చిన్నది. హైరైడర్‌లో ముప్పావు యూనిట్ (కరెంటు బిల్లులో ఉండే యూనిటే, అంటే ఒక కిలోవాట్ అవర్), హైక్రాస్‌లో యూనిటున్నర అటూ ఇటూ. బ్రేకు నొక్కినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు అదే నిండుతుంది, అదే ఖాళీ అవుతుంది. ప్లగ్ పెట్టే పని లేదు, పెట్టడానికి సాకెట్టూ లేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ సాధారణంగా పది నుంచి పాతిక యూనిట్ల దాకా ఉంటుంది. మీ బావగారి రావ్4 ప్రైమ్‌లో 18.1 యూనిట్లు, అమెరికా లెక్కన 42 మైళ్లు, అంటే 68 కిలోమీటర్లు పెట్రోల్ చుక్క తాగకుండా పోతుంది. అది అయిపోయాక పెట్రోల్ ఇంజిన్ అందుకుంటుంది. ఈ జాతి కొత్తదేమీ కాదు. చైనాలో బీవైడీ ఎఫ్3డీఎం 2008లోనే వచ్చింది, అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010 చివర్లో. మన దేశంలో మాత్రం ప్లగ్-ఇన్ అంటే ఇన్నాళ్లూ ధనవంతుల సరదాగానే మిగిలిపోయింది. 2022 డిసెంబరులో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం 2 కోట్ల 60 లక్షలు! అది కొనేవాడు పెట్రోల్ ఆదాకి కొనడు లెండి.

చవకగా ఎందుకు రాలేదంటే పెద్ద కారణం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీలో పూర్తి ఎలక్ట్రిక్‌కు 5 శాతం. నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు 40 శాతం, అది ప్లగ్ పెట్టేదైనా పెట్టనిదైనా ఒకటే. అసలు ధర 20 లక్షలు అనుకుంటే ఎలక్ట్రిక్ మీద పన్ను లక్ష, ప్లగ్-ఇన్ మీద 8 లక్షలు. నంబరు ప్లేటు కూడా ఆకుపచ్చది ఇవ్వరు, తెల్లదే. ఒకే బండిలో ఇంజిన్, గేర్‌బాక్సు, పెట్రోల్ ట్యాంకు, సైలెన్సర్, మళ్లీ మోటారు, ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ, చార్జర్ అన్నీ కూర్చాలి. రెండు కార్ల సామాను ఒక కారులో పెట్టి, పైన ఎక్కువ పన్ను వేస్తే చవక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మీ ప్రయాణం లెక్క. పెట్రోల్ మన దగ్గర లీటరు 110 రూపాయల చుట్టుపక్కల ఉంది. ఇంటి కరెంటు పై శ్లాబులో యూనిట్ 9.75. కారు చార్జింగ్ మొదలుపెడితే చాలా ఇళ్లు ఆ శ్లాబులోకి ఎక్కేస్తాయి కాబట్టి ఆ రేటే వేస్తున్నాను. నెలకు 25 రోజులు, 1,900 కిలోమీటర్లు. ఇవి నా షెడ్డుకు వచ్చే కార్లలో కనిపించే మైలేజీలు, కంపెనీ చెప్పేవి కావు.

ప్లగ్-ఇన్ ఎస్‌యూవీని రోజూ రాత్రి నిండుగా చార్జ్ చేస్తే 60 కిలోమీటర్లు కరెంటు మీద, మిగిలిన 16 పెట్రోల్ మీద. గోడ దగ్గర ఒక యూనిట్‌కు 5 కిలోమీటర్లు వేసుకుంటే నెలకు 300 యూనిట్లు, 2,925 రూపాయలు. పెట్రోల్ 27 లీటర్లు, మరో మూడు వేలు. మొత్తం ఆరు వేలకు కొంచెం తక్కువ. స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 20 ఇస్తే 95 లీటర్లు, దాదాపు పదిన్నర వేలు. పూర్తి ఎలక్ట్రిక్ అయితే ఇంటి చార్జింగ్ మీద మూడు వేల లోపే.

ఇప్పుడు అసలైన లెక్క చూడండి. అదే ప్లగ్-ఇన్‌ను చార్జ్ పెట్టకుండా నడిపితే నెలకు దాదాపు 14 వేలు. ఎందుకంటే ఖాళీ బ్యాటరీ బరువు, మోటారు బరువు మోసుకుంటూ పెట్రోల్ మీద పోయే బండి లీటరుకు 15 ఇస్తే గొప్ప. అంటే మీరు లక్షలు ఎక్కువ పోసి కొన్న బండి, పక్కింటాయన స్ట్రాంగ్ హైబ్రిడ్ కంటే ఎక్కువ తాగుతుంది.

ఎవరు చార్జ్ పెట్టకుండా వదిలేస్తారు అనుకుంటున్నారేమో. దుబాయ్‌లో ఒకాయన మూడేళ్ల ఎస్‌యూవీ తెచ్చి, "మైలేజీ తొమ్మిది కూడా రావడం లేదు, సెన్సర్ ఏదో పోయింది, చూడు" అన్నాడు. స్కానర్ పెట్టాను, ఏ ఎర్రర్ లేదు. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, టైర్ల గాలి అన్నీ చూశాను. చివరికి డిక్కీలో కింద అట్ట లేపితే చార్జింగ్ కేబుల్ సంచీలో ఉంది, ఫ్యాక్టరీలో వేసిన ప్లాస్టిక్ ట్యాగ్ కూడా తెంపలేదు. నలభై వేల కిలోమీటర్లు తిరిగింది బండి! "ఇది ఎప్పుడూ వాడలేదా సార్?" అని అడిగితే, "పెట్రోల్ డబ్బు కంపెనీ ఇస్తుంది, కరెంటు బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది కదా" అన్నాడు. ఆ తర్వాత అలాంటి సంచీలు ఇంకో అయిదారు చూశాను. ఇది ఒక్క దుబాయ్ కథ కాదు. యూరప్ దేశాల్లో కార్లలోనే ఉండే మీటర్ల నుంచి లెక్కలు తీసి 2024లో యూరోపియన్ కమిషన్ నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ పరీక్షలో చూపిన దానికి సగటున మూడున్నర రెట్లు ఉందట. కారులో లోపం ఉండి కాదు, జనం ప్లగ్ పెట్టక.

అందుకే ఎవరు అడిగినా నేను కారు మోడల్ కంటే ముందు "రాత్రి బండి ఎక్కడ పెడతారు?" అని అడుగుతాను.

సరే, మంచి గుణాలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నిజానికి వాడుకోవడం తెలిసినవాడి చేతిలో ప్లగ్-ఇన్ లాంటి హాయి ఇంకోటి లేదు. ఊళ్లో తిరిగినంతసేపూ ఎలక్ట్రిక్ కారే, చప్పుడు లేదు, పికప్ వెంటనే అందుతుంది. ఎండాకాలంలో కారు ఆపుకుని ఎవరికోసమైనా ఎదురు చూస్తుంటే ఇంజిన్ తిరగకుండానే ఏసీ నడుస్తుంది. మే నెలలో మన ఊరి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! దూరం పోతే చార్జర్ ఎక్కడ ఉంది, ఉంటే పనిచేస్తుందా, పనిచేస్తే క్యూ ఉందా అన్న టెన్షన్ లేదు. ఏ బంకులోనైనా అయిదు నిమిషాల పని. ఇంట్లో ఒకే కారు ఉండి, రోజూ యాభై కిలోమీటర్ల లోపు తిరిగి, సొంత ఇంటి వాకిట్లో రాత్రి పెట్టుకునేవాళ్లకు, నెలకు రెండు మూడుసార్లు చార్జర్లు సరిగా లేని దూరాలకు వెళ్లేవాళ్లకు అది కొలతలు తీసి కుట్టినట్టు సరిపోతుంది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో సొంత ఇల్లుండి, రోజూ కాణిపాకం వెళ్లి వచ్చేవాళ్లయితే నేను కూడా ఆగమనే చెప్పేవాణ్ణి. మీ 76 కిలోమీటర్లు మాత్రం ఆ బ్యాటరీకి కొంచెం పొడుగు.

బెంగళూరు ప్రయాణంలో దాని తెలివి బాగా కనిపిస్తుంది, నడిపేవాడికీ తెలివుంటే. చాలామంది ఇక్కడ నిండు చార్జ్‌తో బయల్దేరి, చంద్రగిరి దాటి పాకాల వైపు వెళ్లేసరికే బ్యాటరీ సగానికి దించేసి, చిత్తూరు చేరేలోపు మొత్తం ఖాళీ చేస్తారు. తర్వాత మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఒక్కటే రెండు టన్నులు లాగాలి, అరుపులు మొదలు. లారీని దాటాలంటే పికప్ రాదు. అలా కాకుండా హైవేలో "హోల్డ్" మోడ్‌లో పెట్టి ఇంజిన్ మీద పోవాలి. బ్యాటరీని బెంగళూరు ట్రాఫిక్ కోసం దాచుకోవాలి. ట్రాఫిక్‌లో పావుగంటకు అరకిలోమీటరు పోయేటప్పుడు కరెంటుకు సాటి లేదు. ఇంకొన్ని కార్లలో "చార్జ్" మోడ్ అని ఉంటుంది, ఇంజిన్ తిప్పి బ్యాటరీ నింపడం. అది వాడకండి. పెట్రోల్‌ను కరెంటు చేసి, ఆ కరెంటును మళ్లీ కదలిక చేస్తే ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆవిరైపోతుంది. ఆ బ్యాటరీని నింపాల్సింది గోడ నుంచి, ట్యాంకు నుంచి కాదు.

తిరుమల గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను, నాకు ఇష్టమైన సబ్జెక్టు కూడా. కిందికీ పైకీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అయిదుగురు ఎక్కిన ప్లగ్-ఇన్ ఎస్‌యూవీ బరువు 2,200 కిలోలు అనుకుంటే, అంత బరువును అంత ఎత్తు లేపడానికే నాలుగు యూనిట్ల పైన కావాలి. ఇది స్కూల్లో చదువుకున్న ఫిజిక్సే. టైర్ల రాపిడి, ఏసీ, మోటారులో పోయేది కలిపితే 18 కిలోమీటర్ల ఘాట్‌కు ఏడు యూనిట్ల దాకా పడుతుంది. అంటే పద్ధెనిమిది యూనిట్ల బ్యాటరీలో మనకు వాడుకోనిచ్చే దాంట్లో సగం. ఊళ్లో నలభై కిలోమీటర్లు తిరగగలిగే కరెంటు పద్ధెనిమిదికే అయిపోయిందని కంగారు పడకండి. దిగేటప్పుడు రెండు యూనిట్ల దాకా తిరిగి వస్తాయి. అలిపిరిలో ఖాళీ బ్యాటరీతో ఎక్కడం మొదలుపెట్టి, కిందికి దిగేసరికి బ్యాటరీ ఇరవై కిలోమీటర్లు చూపిస్తుందని మాత్రం ఆశపడకండి, కొండ అంత ఉదారంగా ఇవ్వదు.

దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, ఎక్కువ మలుపులు దాంట్లోనే. ఇక్కడ బ్యాటరీ సైజు తేడా ఎలా తెలుస్తుందో చూడండి. పోయిన ఏడాది ఒక కుటుంబం కొత్త స్ట్రాంగ్ హైబ్రిడ్‌తో కొండ దిగి నేరుగా నా షెడ్డుకు వచ్చింది. నడిపిన అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, యాక్సిలరేటర్ మీద కాలే లేదు, ఇంజిన్ దానంతట అదే అరుస్తోంది. సగం దారి నుంచి అదే అరుపు. బండి తగలబడుతుందేమో అని అమ్మ దారంతా గోవింద నామం చదువుతూనే ఉంది." బోనెట్ లేపక్కర్లేకుండానే విషయం తెలిసింది. కొండ దిగుతుంటే కారు బ్రేకింగ్ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. ముప్పావు యూనిట్ బ్యాటరీ కొన్ని మలుపులకే నిండిపోతుంది. ఇక పెట్టుకోవడానికి చోటు లేక, ఆ శక్తితో ఇంజిన్‌ను వట్టిగా తిప్పుతుంది, చుక్క పెట్రోల్ కాల్చకుండా. బ్రేకులు వేడెక్కకుండా కాపాడే పద్ధతి అది. చప్పుడు భయంకరం, ప్రమాదం శూన్యం. ప్లగ్-ఇన్‌లో ఖాళీ చోటు ఎక్కువ కాబట్టి కింద గరుడ సర్కిల్ దాకా నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. ఒకవేళ పైన చార్జ్ పెట్టి నిండు బ్యాటరీతో దిగితే దానికీ అదే గతి. కాబట్టి కొండ మీద ఎవరైనా చార్జింగ్ పెట్టుకోమన్నా నిండుగా వద్దు, కొంత ఖాళీ ఉంచుకోండి.

పూర్తి ఎలక్ట్రిక్ కారు కొండ ఎక్కుతుందా అని కూడా మీ ప్రశ్నలో ఒక మూల అనుమానం ఉంది. 2022 సెప్టెంబరు చివర్నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నిండా జనంతో రోజూ ఎక్కి దిగుతూనే ఉన్నాయి. మీ కారుకు ఏం భయం.

ఇక సెల్లార్ విషయానికి వస్తాను, మీ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ప్లగ్-ఇన్ అయినా పూర్తి ఎలక్ట్రిక్ అయినా ఇంట్లో 15 ఆంపియర్ల పాయింటు చాలు. గంటకు మూడు యూనిట్ల లోపు ఎక్కుతుంది, ప్లగ్-ఇన్ బ్యాటరీ ఆరేడు గంటల్లో నిండుతుంది. చాలా ప్లగ్-ఇన్‌లకు బయట హైవే మీద ఉండే ఫాస్ట్ చార్జర్ పనికిరాదు, దాని సాకెట్టే ఉండదు. అంటే ఇంట్లో పాయింటు లేకపోతే ప్లగ్-ఇన్‌కు దాదాపు మరో దారి లేదు, పూర్తి ఎలక్ట్రిక్‌కు కనీసం బయట ఫాస్ట్ చార్జర్ ఉంది. ఇది చాలామంది ఆలోచించని విషయం.

పాయింటు పెట్టగానే అయిపోలేదు, ఎర్తింగ్ కావాలి. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో చెన్నై నుంచి వచ్చిన ఒక ప్లగ్-ఇన్ ఇక్కడ ఒక గెస్ట్ హౌస్‌లో చార్జ్ ఎక్కడం లేదని పిలిచారు. ప్లగ్ పెడితే కేబుల్ డబ్బా మీద ఆకుపచ్చ లైటు ఒక్క క్షణం వెలిగి ఎరుపుకు మారుతోంది. కారు డ్రైవరు అప్పటికే మూడు గదుల్లో సాకెట్లు మార్చి చూశాడు. మీటరు తీసి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే 38 వోల్టులు చూపించింది. రెండు మూడు దాటకూడదు. వెనక సందులోకి వెళ్లి చూస్తే ఎర్త్ గుంత ఎండిపోయి, పైన సిమెంటు మూత పగిలి, లోపల మట్టి పెళ్లలుగా ఉంది. ఎప్పుడో వేసిన ఉప్పు కరిగి ఎప్పుడో పోయింది. మూడు బకెట్ల నీళ్లు పోయించి, ఒక సిగరెట్ కాల్చినంతసేపు ఆగి మళ్లీ మీటరు పెడితే నాలుగుకు దిగింది. ప్లగ్ పెట్టాం, లైటు ఆకుపచ్చ, కారులో చార్జింగ్ గుర్తు కదిలింది. వాచ్‌మన్ నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు. అది ఆ రాత్రికి సరిపోయే చికిత్స మాత్రమే. మర్నాడు వాళ్లకు కొత్త గుంత తీయించమని చెప్పాను. మన రాయలసీమ నేల ఎండాకాలంలో ఎలా ఎండుతుందో తెలుసు కదా. కారు కొంటే ఎర్త్ గుంత కొత్తగా తీయించి, మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి దాంట్లో నీళ్లు పోసే పని వాచ్‌మన్‌కు అప్పజెప్పండి.

సెల్లార్ అంటే ఇంకో మాట. 2021 నవంబరు వానలు మర్చిపోయి ఉండరు. ఆ వారం నా షెడ్డు ముందు సెల్లార్లలో మునిగిన కార్లు వరసగా నిలబడ్డాయి. నేను షెడ్డు తెరిచి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. అది చూశాక ఎవరికైనా నేను చెప్పేది, చార్జింగ్ పాయింటు, దాని ఎంసీబీ (ఎక్కువ కరెంటు పోతే దానంతట అదే కట్ చేసే స్విచ్చు) నేలకు కనీసం అయిదడుగుల పైన ఉండాలి. నీళ్లు సీటు దాకా వచ్చిన హైబ్రిడ్‌ను గానీ ఎలక్ట్రిక్‌ను గానీ స్టార్ట్ చేసి చూద్దాం అనుకోవద్దు, బోనెట్ కింద నారింజ రంగు వైర్లు కనిపిస్తే వాటి మీద చేయి వేయొద్దు. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్‌కు, బ్యాటరీకి విడివిడిగా కవర్ ఉందో లేదో పాలసీ కాగితంలోనే చదవండి, ఏజెంట్ నోటి మాట మీద వెళ్లకండి.

ప్లగ్-ఇన్‌కు మాత్రమే ఉండే కొన్ని చిన్న చికాకులు కూడా చెప్పేస్తాను. రోజూ కరెంటు మీదే తిరిగితే ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, అది తేమను పీల్చుకుంటుంది. కాబట్టి ట్యాంకు నిండా కొట్టించకూడదు, వారానికోసారి ఇరవై నిమిషాలు హైవేలో ఇంజిన్ నడపాలి. చల్లగా పడి ఉన్న ఇంజిన్‌ను నేరుగా ఓవర్‌టేకింగ్‌లో లేపడం దానికి మంచిది కాదు, దుబాయ్‌లో తక్కువ కిలోమీటర్లకే ఆయిల్ పాడైన ఇంజిన్‌లు చూశాను. కొన్నిటికి పెట్రోల్ మూత తెరవడానికి కూడా లోపల బటన్ నొక్కి, ట్యాంకులో ప్రెషర్ దిగేదాకా ఆగాలి. బంకు కుర్రాడు పైపు పట్టుకుని నిలబడతాడు, వెనక ఆటోవాడు హారన్ కొడతాడు, మీరు డ్యాష్‌బోర్డు వైపు చూస్తూ ఉంటారు. స్టెప్నీ చాలావాటికి ఉండదు, ఆ చోట బ్యాటరీ కూర్చుంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా మన కరకంబాడి ఫ్యాక్టరీలో తయారయ్యేలాంటి మామూలు 12 వోల్టుల బ్యాటరీ డౌన్ అయితే బండి లేవదు, తలుపు కూడా రిమోట్‌తో తెరుచుకోదు. అంత ఖరీదైన కారును రెండు జంపర్ వైర్లతో లేపుతుంటే ఓనర్ మొహం చూడాలి.

పెద్ద బ్యాటరీ ఆయుష్షు సంగతి. ప్లగ్-ఇన్ బ్యాటరీ చిన్నది కాబట్టి రోజూ పూర్తిగా నిండి పూర్తిగా ఖాళీ అవుతుంది, ఏడాదికి మూడు వందల సార్లు. 60 యూనిట్ల ఎలక్ట్రిక్ కారులో అదే తిరుగుడుకు ఏడాదికి డెబ్భై, ఎనభై సార్లు నిండితే చాలు. అందుకే కంపెనీలు ప్లగ్-ఇన్ బ్యాటరీలో కొంత భాగం మనకు అందకుండా దాచి ఉంచుతాయి. అయినా మన ఎండ దానికి పగవాడే. నిండు చార్జ్‌తో మే నెలలో ఎండలో నిలబెట్టొద్దు. సెల్లార్ నీడ మీకు ఈ ఒక్క విషయంలో కలిసొచ్చేదే.

వైర్లు కొరికే ఎలుకలు మాత్రం సెల్లార్‌లోనే ఉంటాయి. ఆ కథ ఇప్పుడు మొదలుపెడితే తెల్లారుతుంది.

మీ విషయంలో నా సలహా మళ్లీ అడిగితే, పాయింటు దొరికిన మరుక్షణం 50, 60 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. మీ 30 లక్షల్లో ఇప్పుడు నాలుగైదు కంపెనీలవి వస్తున్నాయి. రోజూ 76 కిలోమీటర్లు అనేది ఎలక్ట్రిక్ కారుకు పుట్టిల్లు లాంటి దూరం. బెంగళూరు 250 కిలోమీటర్లు, దారిలో ఒకసారి కాఫీకి ఆగినంతసేపు చార్జ్ పెడితే కంగారు లేకుండా చేరతారు. బయట యూనిట్ ఇరవై రూపాయలు పడినా ఆ ప్రయాణం రానూపోనూ రెండు వేల లోపే, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 2,750 అవుతుంది. అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడు చార్జర్ దగ్గర ఆగడం ఇష్టం లేదంటే, లేదా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు పాయింటుకు ఒప్పుకోకపోతే, స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనేసి నిశ్చింతగా ఉండండి. దాని ఖర్చు ఎక్కువే గానీ అది మిమ్మల్ని ఏమీ అడగదు.

అసోసియేషన్‌తో మాట్లాడే ముందు ఒక పని చేయండి. కింద మీటర్ల బోర్డులో మీ ఫ్లాట్ మీటరు నుంచి మీ పార్కింగ్ స్తంభం దాకా, గోడ వెంబడి వైరు పోయే దారిలో టేపు పెట్టి కొలవండి. మీ మీటరు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, కనెక్షన్ లోడ్ ఎంతో కరెంటు బిల్లు మీద చూడండి. ఈ మూడూ ఇక్కడ రాస్తే ఎంత మందం కేబుల్ లాగాలో, లోడ్ పెంచడానికి అప్లై చేయాలో అక్కర్లేదో చెప్తాను.